మంచు తుఫాను రాకముందే



అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రము పేరు ఇప్పుడు మన పల్లెటూళ్లలో కూడా తెలియనివారు తక్కువ. గుంటూరు, కృష్ణా, గోదావరి, ఖమ్మం, నల్లగొండ జిల్లాల నుండి చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిన పిల్లలు ఆ రాష్ట్రములోని డాలస్ పట్టణము చుట్టుప్రక్కల వేలాదిగా స్థిరపడ్డారు. తెలుగులో ఆరాధన జరిగే సంఘాలు కూడా అక్కడ ఉన్నాయి. చలికాలములో టీవీలో "అమెరికాలో మంచు తుఫాను" అన్న వార్త వస్తే చాలు, ఇక్కడ కన్నవారి గుండె దడదడలాడుతుంది. వెంటనే ఫోను చేసి, "మీ ఊరికి వచ్చిందా? ఇంట్లో అందరూ ఉన్నారా?" అని అడుగుతారు.

2023 జనవరి ఆఖరి వారములో మేమిద్దరము ఆ ప్రాంతములోనే మా అమ్మాయి ఇంట ఉన్నాము. రాబోయే మంచు తుఫానును ఎలా పసిగడతారో, ఆ కబురు విని జనము ఏమి చేస్తారో దగ్గరగా చూసే అవకాశము దొరికింది. మేము చూసినదానికి, అక్కడి సంఘస్థులు చెప్పగా విన్నదానికి, చదివి తెలుసుకున్నది కలిపి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అడ్డుగోడ లేని నేల

డాలస్ కొండల మధ్య ఊరు కాదు. నేల మన గుంటూరు సీమలాగే నల్లరేగడి. ఒకప్పుడు కనుచూపు మేర పత్తి పండిన భూమి. ఎండలకు నెర్రెలు విచ్చుతుంది, వాన పడితే చెప్పులకు అంటుకుని వదలదు. ఊరి వెలుపల మెస్కీట్ అనే ముళ్లచెట్టు కనబడుతుంది. అది మన సర్కారు తుమ్మకు దాయాది. వేసవిలో ఎండ 40 డిగ్రీలకు చేరడము అక్కడ వింత కాదు. ఇటువంటి చోట మంచు తుఫాను ఏమిటని మేము మొదట ఆశ్చర్యపోయాము.

పటము తీసి చూస్తే సంగతి అర్థమైంది. డాలస్ ఇంచుమించు మన జమ్మూ పట్టణము ఉన్న అక్షాంశము మీదే ఉన్నది. మన దేశానికి ఉత్తరాన దేవుడు హిమాలయ పర్వతాలను కోటగోడలాగా నిలబెట్టాడు. ఆసియా ఖండపు ఉత్తర భాగములో పేరుకున్న చలిగాలి ఆ గోడ దాటి మన మైదానాల మీదికి దూకలేదు. అమెరికాలో ఆ గోడ లేదు. అక్కడి పెద్ద కొండల వరుస ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది గాని తూర్పు పడమరలుగా అడ్డము నిలవదు. ఉత్తర ధ్రువము దాపున కెనడాలో గడ్డకట్టిన గాలి ఒకసారి కదిలిందంటే, లాకులు ఎత్తిన కాలువ నీరులాగా వందల మైళ్లు దక్షిణానికి పారుకుంటూ టెక్సాస్ దాకా వస్తుంది.

ఆ గాలి వచ్చేటప్పుడు ఉత్తరపు ఆకాశము ముదురు నీలముగా మారుతుందని అక్కడి రైతులు దానికి "బ్లూ నార్థర్" అని పేరు పెట్టుకున్నారు. 1911 నవంబరు 11న టెక్సాసుకు ఉత్తరాన ఉన్న ఓక్లహోమా సిటీలో పగటి వేడి 28 డిగ్రీలు ఉండగా, అదే రోజు అర్ధరాత్రి లోపల మైనస్ 8 డిగ్రీలకు పడిపోయింది. ఆ తేదీకి అత్యధికము, అత్యల్పము రెండూ ఆ ఒక్క రోజే నమోదయ్యాయి. ప్రొద్దున పలుచటి చొక్కాతో పొలము వెళ్లినవాడు సాయంత్రము చలికి కొయ్యబారిపోయే దేశము అది.

మూడు రూపాల వాన

మన ఊళ్లలో మంచు అంటే తెల్లవారుజామున కురిసే పొగమంచే. అక్కడ చలికాలపు మేఘము నుండి దిగేది మూడు రూపాలలో ఏదైనా కావచ్చు. ఆ మూడింటిలో ఏది వస్తుందో ముందుగా తెలుసుకోవడమే అక్కడి వాతావరణ శాఖవారికి పెద్ద పరీక్ష.

చలిగాలి బరువైనది గనుక నేలను అంటిపెట్టుకుని వస్తుంది. దక్షిణాన ఉన్న మెక్సికో సింధుశాఖ నుండి తేమతో కూడిన వెచ్చగాలి వస్తుంది. అది తేలిక గనుక చలిగాలి మీదికి ఎక్కుతుంది. అంటే క్రింద చల్లని దుప్పటి, దాని మీద వెచ్చని దుప్పటి పరచినట్లు అన్నమాట. మేఘములో పైన పుట్టే మంచు రేకులు ఈ రెండు దుప్పట్లలో నుండి దిగాలి.

వెచ్చని దుప్పటి లేకపోతే, పైనుండి క్రింది దాకా అంతా చలే అయితే, ఆ రేకులు కరగకుండా దూదిపింజల్లా నేలకు దిగుతాయి. అది మంచు. వెచ్చని దుప్పటి మధ్యలో ఉండి రేకులను కరిగించి, క్రింద చల్లని దుప్పటి మందముగా ఉంటే, కరిగిన చుక్క దారిలోనే మళ్లీ గడ్డకట్టి సగ్గుబియ్యమంత ఐసు గుళికలుగా టపటప రాలుతుంది. దీనిని స్లీట్ అంటారు. చల్లని దుప్పటి పలుచగా ఉంటే చుక్క గడ్డకట్టడానికి వ్యవధి చాలదు. నీరుగానే దిగి, సున్నా డిగ్రీలకు లోపల చల్లబడి ఉన్న కొమ్మను, కరెంటు తీగెను, రోడ్డును తాకిన వెంటనే గాజులాగా అతుక్కుపోతుంది. ఇది గడ్డకట్టే వాన. మూడింటిలోకి ప్రమాదమైనది ఇదే. చూడడానికి తడిసిన రోడ్డులాగే ఉంటుంది, కాలు పెడితే నిలవదు. తీగెల మీద పొర పొరగా పేరుకుని, బరువుకు స్తంభాలనే వంచుతుంది. చెట్ల కొమ్మలు తుపాకి ప్రేలినట్లు చప్పుడు చేస్తూ విరుగుతాయి.

ఆకాశములో ఒకటి రెండు డిగ్రీల తేడా, దుప్పటి మందములో కొన్ని వందల అడుగుల తేడా. అంత మాత్రానికే పిల్లలు ఆడుకునే మంచు కాస్తా ప్రాణాలు తీసే ఐసుగా మారుతుంది. ఇది తెలిసిన తరువాత, "సరిగా చెప్పలేకపోయారు" అని వాతావరణ శాఖవారిని ఎగతాళి చేయడానికి మాకు నోరు రాలేదు.

రెండు పూటలా ఎగిరే బుడగ

పైన ఉన్న ఆ దుప్పట్లను ఎవరు కొలుస్తారు? డాలస్ ప్రక్కనే ఉన్న ఫోర్ట్ వర్త్ పట్టణములోని వాతావరణ కార్యాలయము నుండి రోజుకు రెండుసార్లు పెద్ద బుడగను ఎగురవేస్తారు. దానికి చిన్న పరికరము వ్రేలాడుతుంటుంది. బుడగ సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కేదాకా ఆ పరికరము ఎక్కడ ఎంత వేడి, ఎంత తేమ, గాలి ఎటు వీస్తున్నది అనే లెక్కలను రేడియో ద్వారా క్రిందికి పంపుతూనే ఉంటుంది. చివరికి బుడగ పగిలి పరికరము చిన్న గొడుగుతో నేలకు దిగుతుంది.

ఒక సంగతి మాకు చాలా సంతోషము కలిగించింది. ప్రపంచములోని దేశాలన్నీ ఈ బుడగలను ఇంచుమించు ఒకే గడియలో ఎగురవేస్తాయి. మన మచిలీపట్నములో, విశాఖపట్నములో, హైదరాబాదులో సాయంత్రము ఐదున్నర లెక్కకు బుడగ ఎగిరే వేళ, టెక్సాసులో ఉదయము ఆరు గంటల లెక్కకు అక్కడి బుడగ ఎగురుతుంది. ఆకాశము ఒక్కటే గనుక ఒక దేశపు లెక్క ఇంకొక దేశానికి కావాలి. ఉపగ్రహాలు, సముద్రము మీది ఓడలు, విమానాలు పంపే సమాచారము కూడా చేర్చి పెద్ద కంప్యూటర్లు రాబోయే దినాల లెక్క కడతాయి.

ఈ పని మొదలుపెట్టినవారిలో ఒక భక్తిపరుడు ఉన్నాడు. ఆయన బ్రిటిషు నౌకాదళ అధికారి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. 1859 అక్టోబరులో వేల్స్ తీరము దగ్గర "రాయల్ చార్టర్" అనే ఓడ తుఫానుకు బద్దలై సుమారు 450 మంది మునిగిపోయారు. ముందుగా చెప్పగలిగితే వీరిని కాపాడవచ్చునే అన్న భారము ఆయనను పట్టుకున్నది. 1861లో ఆయన టెలిగ్రాఫు ద్వారా రేవులకు తుఫాను హెచ్చరికలు పంపించి, జెండా కొయ్యలకు గుర్తులు ఎగురవేయించాడు. అదే సంవత్సరము పత్రికలో రోజువారీ వాతావరణ సూచన కూడా ప్రారంభించాడు. తప్పినప్పుడల్లా జనము నవ్వారు. ఆయన 1865లో మరణించాక, తరువాతి సంవత్సరము ఆ హెచ్చరికలను నిలిపివేశారు. అయితే సముద్రము మీద బ్రతికేవారు ఊరుకోలేదు. అవి మాకు కావలెనని పట్టుబట్టగా 1867లో మళ్లీ ప్రారంభమయ్యాయి. నవ్వినవారు గట్టు మీద ఉన్నవారు. అడిగినవారు పడవలో ఉన్నవారు.

నిన్నటి మన్నా

ఆ జనవరి ఆఖరి వారములో, తుఫానుకు కొద్ది రోజుల ముందు టీవీలో వాతావరణము చెప్పేవారు, వచ్చే వారము మొదట్లో గడ్డకట్టే వానకు అవకాశమున్నదన్నారు. మా అల్లుడుగారు ప్రొద్దున ఒకసారి, సాయంత్రము ఒకసారి ఫోనులో వాతావరణ శాఖ ప్రకటన చూసేవారు. "ఉదయము చూశారుగదా బాబూ, మళ్లీ ఎందుకు?" అని అడిగాము. "బుడగ ఎగిరిన తరువాత లెక్క మారుతుంది మామయ్యగారూ. ఉదయముది సాయంత్రానికి పాతబడిపోతుంది" అన్నారు.

అరణ్యములో ఇశ్రాయేలీయులు మన్నాను మరునాటికి దాచుకుంటే పురుగు పట్టిందని నిర్గమకాండము 16వ అధ్యాయములో చదువుతాము. వాతావరణ సూచన కూడా అటువంటిదే. ఏ పూటది ఆ పూటే వినాలి.

అక్కడి ప్రకటనలకు రెండు మెట్లు ఉన్నాయి. మొదటిది "వాచ్". తుఫాను రావచ్చు, కనిపెట్టి ఉండండి, సరుకులు చూసుకోండి అని దాని అర్థము. రెండవది "వార్నింగ్". వస్తున్నది, లేక వచ్చేసింది, ఇక ప్రయాణాలు మానుకోండి అని అర్థము. ఈ రెండింటి మధ్య దొరికే ఒకటి రెండు రోజులే సిద్ధపడడానికి దేవుడిచ్చిన గడువు.

ఆ గడువులో ఏమేమి చేశారో చూశాము. వంతెనల మీద లారీలు ఉప్పునీరు చల్లుకుంటూ పోయాయి. ఉప్పు కలిసిన నీరు త్వరగా గడ్డకట్టదు. వంతెనకు క్రింద నుండి కూడా చలిగాలి తగులుతుంది గనుక మామూలు రోడ్డు కంటే అదే ముందు ఐసు అవుతుంది. ఇంటి బయటి కుళాయిలకు గుడ్డలు చుట్టారు. మా అమ్మాయి పప్పు, పులిహోర ముందే చేసి పెట్టింది. వంటింట్లో కుళాయి సన్నగా కారుతుంటే మేము అలవాటు కొద్దీ కట్టేయబోయాము. "అయ్యో నాన్నగారూ, కట్టేయకండి! కారుతుంటేనే మంచిది" అన్నది. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది. గోడల్లోని గొట్టాలు పగిలి, ఎండ రాగానే ఇల్లంతా చెరువవుతుంది. సన్నని ధారగా కదిలే నీరు అంత తొందరగా గడ్డకట్టదట. కుళాయి సరిగా కట్టలేదని పిల్లలను జీవితమంతా కోప్పడిన మేము, ఆ రాత్రి కుళాయి కారుతున్నదో లేదో చూడడానికి రెండుసార్లు నిద్ర లేచాము.

సంఘములో ఒక కాగితము

జనవరి 29 ఆదివారము తెలుగు ఆరాధనకు వెళ్లాము. ఆశీర్వాదము అయిన తరువాత ఒక సంఘ పెద్ద చేతిలో కాగితముతో నిలబడ్డారు. అందులో నాలుగు రకాల పేర్లు ఉన్నాయి. ఒంటరిగా ఉన్నవారు, చంటిబిడ్డలున్నవారు, ఇండియా నుండి వచ్చిన పెద్దలు, క్రొత్తగా దిగిన విద్యార్థులు. ఒక్కొక్క కుటుంబము రెండేసి పేర్లు తీసుకోవాలి. రాత్రి ఎనిమిదింటికి, ఉదయము ఎనిమిదింటికి వారికి ఫోను చేయాలి. ఫోను ఎత్తకపోతే దగ్గరలో ఉన్నవారు వెళ్లి తలుపు తట్టాలి. మా పేర్లు కూడా ఆ కాగితములో ఉన్నాయి.

ఈ ఏర్పాటు ఎప్పటిదని అడిగాము. 2021 నాటిది అన్నారు. ఆ సంవత్సరము జరిగినది అక్కడివారు ఇంకా మరువలేదు.

2021 ఫిబ్రవరి రెండవ వారములో భయంకరమైన చలి రాబోతున్నదని వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే చెప్పింది. ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్ వర్త్‌లో పెద్ద రహదారి మీద పలుచటి ఐసు పొర ఏర్పడి 130కి పైగా వాహనాలు ఒకదానికొకటి గుద్దుకున్నాయి. ఆరుగురు మరణించారు. తరువాత టెక్సాసులోని 254 కౌంటీలన్నిటికీ మంచు తుఫాను హెచ్చరిక జారీ అయింది. ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయములో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. 70 ఏళ్లకు పైగా ఆ ఊరు అంతటి చలి ఎరుగదు.

సూచన తప్పలేదు, సిద్ధపాటే లేకపోయింది. గ్యాసు బావులు, గ్యాసు గొట్టాలు, కరెంటు కేంద్రాలు చలికి గడ్డకట్టి ఆగిపోయాయి. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున కరెంటు వ్యవస్థ మొత్తము కుప్పకూలడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరము వరకు వెళ్లింది. దానిని కాపాడడానికి ఇళ్లకు కరెంటు ఆపివేయవలసి వచ్చింది. 45 లక్షలకు పైగా ఇళ్లు, దుకాణాలు చీకటిలో, చలిలో మిగిలాయి. రాష్ట్ర ప్రభుత్వపు లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది చలికి ఒంటి వేడి పడిపోయి చనిపోయినవారే. వెచ్చదనము కోసము మూసిన గదిలో బొగ్గులు రాజేసి, మూసిన షెడ్డులో కారు నడిపి, ఆ విషవాయువుకు నిద్రలోనే పోయినవారు కూడా ఉన్నారు. 2011లో కూడా ఇటువంటి చలి వచ్చింది. యంత్రాలను చలికి తట్టుకునేలా చేసుకోండని అప్పుడే సలహా ఇచ్చారు. పది సంవత్సరాలు ఆ మాటకు పట్టింపు లేకపోయింది. 246 మంది పోయిన తరువాతనే 2021లో చట్టము చేశారు.

ఆ రాత్రుల్లో ఒక సంగతి జరిగిందని సంఘస్థులు చెప్పారు. మన ప్రాంతము నుండి క్రొత్తగా వచ్చిన నలుగురు విద్యార్థులు ఒక అద్దె గదిలో ఉంటున్నారు. తుఫాను కబురు వారి ఫోనుకూ వచ్చింది. కాని మైనస్ 19 అంటే ఏమిటో మన పిల్లలకు ఎలా తెలుస్తుంది? మొదటిసారి మంచు చూస్తున్నామన్న సంబరములో ఫొటోలు తీసుకున్నారు. రాత్రి కరెంటు పోయింది. సంఘములో నర్సుగా పని చేసే ఒక సహోదరికి వారు గుర్తుకు వచ్చి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. కారు తీసే వీలు లేక ఆమె భర్త చేతికర్ర పట్టుకుని ఐసు మీద అడుగులో అడుగు వేసుకుంటూ వారి గదికి వెళ్లారు. ఆ పిల్లలు వసారాలోని బొగ్గుల పొయ్యిని గదిలోకి తెచ్చుకుని, కిటికీ సందుల్లో తువ్వాళ్లు కుక్కి, అగ్గిపుల్ల గీయబోతున్నారు. ఇంకొక పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. ఆ పొయ్యి బయట పెట్టించి, నలుగురినీ నడిపించుకుని తమ ఇంటికి తీసుకువెళ్లారు. ఉన్న దుప్పట్లన్నీ పరచి, రెండు కుటుంబాలు ఒకే గదిలో మూడు రాత్రులు గడిపారు.

ఆ నలుగురి తల్లిదండ్రులు ఇక్కడ ఏ పొలములోనో, ఏ బడిలోనో ఉన్నారు. వారి ప్రార్థనకు జవాబుగా ఆ రాత్రి నడిచి వెళ్లినది ఒక మనిషి.

ఒకే తుఫాను, రెండు ఊళ్లు

2023 తుఫానుకు తిరిగి వద్దాము. ఆ ఆదివారము సాయంత్రము మా అమ్మాయి ప్రక్క ఇంటి తలుపు తట్టింది. అక్కడ ఒక అమెరికను వృద్ధురాలు ఒంటరిగా ఉంటుంది. వినికిడి తక్కువ. మంగళవారము ఉదయము ఆమె డయాలసిస్‌కు వెళ్లాలి. శనివారము టీవీలో చూశానమ్మా, ఉత్త వానేనట అన్నది. అది నిన్నటి మన్నా. ఈ పూట లెక్క ప్రకారము మంగళవారము రోడ్డు ఐసుగా ఉంటుంది. అమ్మాయి ఆమె చేత ఆసుపత్రికి ఫోను చేయించింది. వారు సోమవారము పెందలకడే రమ్మన్నారు. అల్లుడుగారు చీకటితోనే తీసుకువెళ్లి, రోడ్లు బాగుండగానే ఇంటికి చేర్చారు.

తరువాత గుళికలు రాలడము మొదలైంది. మంగళవారము, బుధవారము విడతలు విడతలుగా కురిసింది. హెచ్చరిక గురువారము ఉదయము వరకు కొనసాగింది. బడులు మూసివేశారు, విమానాలు వందలకొద్దీ రద్దయ్యాయి. కిటికీలో నుండి చూస్తే వీధి తెల్లటి సగ్గుబియ్యము ఆరబోసినట్లు ఉన్నది. మా వీధిలో కరెంటు మాత్రము పోలేదు.

అదే తుఫాను డాలస్‌కు సుమారు 300 కిలోమీటర్లు దక్షిణాన ఉన్న ఆస్టిన్ పట్టణములో వేరే రూపము దాల్చింది. అక్కడ చల్లని దుప్పటి పలుచన. అందుచేత గుళికలకు బదులు గడ్డకట్టే వాన పడింది. ఏళ్ల తరబడి నీడనిచ్చిన ఓక్ చెట్లు ఐసు బరువుకు విరిగి తీగెల మీద పడ్డాయి. ఒక దశలో ఆ పట్టణములో సుమారు మూడవ వంతు ఇళ్లకు కరెంటు లేదు. కొందరికి వారము దాటినా రాలేదు. దుప్పటి మందములో తేడా ఎంత పని చేస్తుందో కళ్లారా చూశాము.

కావలివాని పని

కొందరు విశ్వాసులు, రేపటి సంగతి ప్రభువు చూసుకుంటాడు, ఈ సూచనలన్నీ మనకెందుకు అంటారు. రేపటిని గూర్చి చింతించవద్దని ప్రభువు చెప్పిన మాట సత్యమే. కాని చింత వేరు, సిద్ధపాటు వేరు. ఏడు కరువు సంవత్సరాలు రానున్నవని తెలిసిన యోసేపు కొట్లు కట్టించాడు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు, చలికాలము దగ్గరపడింది, ఈ ప్రయాణము నష్టము తెస్తుందని ముందే హెచ్చరించాడు. శతాధిపతి ఓడ యజమాని మాటే నమ్మాడు. ఓడ పోయింది. యెహెజ్కేలు 33వ అధ్యాయములోని కావలివానికి అప్పగించిన పని ఒక్కటే. అపాయము రావడము చూస్తే బూర ఊదాలి. చూసి ఊరుకుంటే నశించినవారి లెక్క వాడు అప్పజెప్పాలి.

మనకు మంచు తుఫానులు లేవు, కాని గాలివానలు ఉన్నాయి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు సుమారు పదివేల మంది కొట్టుకుపోయారు. సముద్రములో తుఫాను ఉన్నదని తెలిసినవారు ఉన్నారు. కాని ఆ కబురు చివరి గుడిసె దాకా నడవలేదు. 1990 మే నెలలో అంతటి బలమైన తుఫానే కృష్ణా తీరానికి వచ్చింది. ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపలే ఆగింది. ఇప్పుడు మన వాతావరణ శాఖ తుఫాను తీరము దాటడానికి 72 గంటల ముందు నుండి అంచెలంచెలుగా కబురు చెబుతున్నది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరము దాటిన మిచాంగ్ తుఫాను సంగతి కూడా ముందే తెలిసింది. కబురు సెల్‌ఫోను దాకా వస్తున్నది. సెల్‌ఫోను నుండి మనిషి దాకా మోయవలసినది మనమే.

కాబట్టి ప్రతి సంఘము గాలివానల కాలానికి ముందే ఒక కాగితము వ్రాసుకోవాలని మా మనవి. ఒంటరి ముసలివారు, నెలలు నిండిన తల్లులు, మంచాన పడినవారు, పాత పెంకుటింట్లో ఉన్నవారు, వేటకు వెళ్లినవారి ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నవో అందులో ఉండాలి. ఎవరు ఎవరి తలుపు తట్టాలో పేర్లు ఉండాలి. గుడి గంట, గుడి మైకు ఆదివారానికి మాత్రమే కాదు.

ఆ కాగితములో ఇంకొక వరుస కూడా చేర్చండి. మన ఊరి చివర ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుండి వచ్చిన కుటుంబాలు చలికాలములో గుడిసెలు వేసుకుని ఉంటాయి. మన టీవీ వారికి లేదు, చాలామందికి మన భాష రాదు. టెక్సాసులో మన పిల్లలు ఎవరో, ఇక్కడ వారు అదే. మన బిడ్డ కోసము ఎవరో ఐసు మీద నడిచి వెళ్లారు. వీరి కోసము చినుకులలో బట్టీ దాకా వెళ్లేది ఎవరు?

ప్రభువు మనలను మెలకువగల కావలివారినిగా చేయును గాక. ఆమెన్.